చదివిన నవల గురించి అభిప్రాయం రాయడం ఎలా: కొత్త తెలుగు నవలల పాఠకులకు కొన్ని సూచనలు

ఒక కొత్త నవల పూర్తిచేశాక "ఎలా ఉంది?" అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది "చాలా బాగుంది", "ఏకబిగిన చదివించింది", "కళ్ళకు కట్టినట్టు రాశారు" అన్న మూడు నాలుగు మాటలతో సరిపెడతాం. ఈ మాటల్లో అబద్ధం లేదు. కానీ వీటిని ఏ నవల గురించైనా అనవచ్చు కాబట్టి విన్నవారికి ఆ నవల గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. తెలుగులో నవలను ఐదు వందలో వెయ్యో ప్రతులు వేసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది, పత్రికల్లో పుస్తక సమీక్షలకు చోటు బాగా తగ్గింది, కాబట్టి ఒక కొత్త నవల ఇంకొకరి చేతికి చేరడానికి చదివినవారు చెప్పే మాటే ప్రధానమైన ఆధారం. ఆ మాట పనికివచ్చేలా ఉండాలంటే ఒక్క నియమం పాటిస్తే చాలని నా నమ్మకం. మన అభిప్రాయం నవలలో ఎక్కడ పుట్టిందో ఆ చోటును చదివేవారికి చూపించాలి. కింద చెప్పేవన్నీ ఈ నియమాన్ని ఆచరణలో పెట్టడానికి సంబంధించిన సూచనలే.

మొదటి జాగ్రత్త చదవడం మొదలుపెట్టకముందే తీసుకోవలసింది. తెలుగు నవలలకు ముందుమాటలు ఎక్కువ. ఒక్కొక్క పుస్తకానికి ఇద్దరు ముగ్గురు పెద్దలు రాసిన ముందుమాటలు, ఆపైన రచయిత సొంత మాట, వెనక అట్ట మీద మరొకరి ప్రశంస ఉంటాయి. వీటిలో చాలా వాటిలో కథ మొత్తం చెప్పేసి, నవలను ఏ దృష్టితో చూడాలో కూడా నిర్ణయించేస్తారు. అవి ముందే చదివితే, నవల పూర్తయ్యేసరికి మనకు కలిగిన అభిప్రాయం మనదో ముందుమాట రాసినవారిదో తేల్చుకోవడం కష్టమవుతుంది. కనుక వాటిని వదిలి నేరుగా మొదటి అధ్యాయంలోకి వెళ్ళండి. మీ అభిప్రాయం చిత్తుగా కాగితం మీద పెట్టిన తరువాత ముందుమాటలు చదివితే, మీరు గమనించనిది ఏదైనా ఉంటే అప్పుడు కలుపుకోవచ్చు, వారితో విభేదించే చోటు ఉంటే దానికి కారణం కూడా చెప్పవచ్చు. బహుమతుల విషయంలోనూ ఇదే పద్ధతి మంచిది. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో గెలిచిందనో, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందనో తెలియడం పుస్తకం కొనడానికి కారణం కావచ్చు గానీ అది మెచ్చుకోలుకు సాక్ష్యం కాదు, నిరాశకు అదనపు కారణమూ కాదు.

చదివేటప్పుడు ఒక పెన్సిలు, పుస్తకంలో పెట్టుకోవడానికి ఒక చీటీ ఉంటే చాలు. బాగున్న వాక్యాల కింద గీతలు గీయడం అందరూ చేసే పనే, కానీ అభిప్రాయం రాయడానికి అంతకంటే ఎక్కువ పనికివచ్చేది మన చదువు ఆగిన చోట్లను గుర్తుపెట్టుకోవడం. ఎక్కడ వెనక్కి తిరిగి పేజీ మళ్ళీ చదివారు, ఎక్కడ రెండు పేజీలు గబగబా దాటేశారు, ఎక్కడ ఒక పాత్ర మాట నమ్మబుద్ధి కాలేదు, ఎక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నారు అన్నవి చీటీ మీద పేజీ సంఖ్యతో, నాలుగైదు మాటలతో రాసుకోండి. "112, తండ్రి మౌనం, ఇక్కడ రచయిత వివరించకుండా ఉంటే బాగుండేది" అన్నంత వివరం సరిపోతుంది. నవల ముగిసేసరికి ఇలాంటివి పది పదిహేను పోగవుతాయి, వాటిలో మూడు నాలుగు ఒకే విషయాన్ని వేర్వేరు చోట్ల చెబుతున్నాయని గమనిస్తారు. ఆ విషయమే మీ అభిప్రాయానికి కేంద్రం. మిగతావాటిని నిర్మొహమాటంగా వదిలేయండి, ఎందుకంటే గమనించినవన్నీ రాయాలనుకుంటే అది అభిప్రాయం కాదు, జాబితా అవుతుంది.

ఇక రాయడం. ఒక పేలవమైన అభిప్రాయాన్ని తీసుకుని దాన్ని ఎలా మార్చవచ్చో చూద్దాం. సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి "కొండపొలం" చదివిన పాఠకుడొకరు "నల్లమల అడవిని కళ్ళకు కట్టినట్టు చూపించారు, తప్పక చదవాల్సిన నవల" అని రాశారనుకుందాం. ఇందులో ఉన్నది నిజమే, కానీ అడవిని చూపించడం అన్నది ఎలా సాధ్యమైందో చెప్పలేదు. ఆ నవలలో కరవు కాలంలో గొర్రెల కాపరులు మేత కోసం, నీటి కోసం మందలను తోలుకుని నల్లమలలోకి వెళతారు, వారితో ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం దొరకని యువకుడొకడు బయలుదేరతాడు. ఇప్పుడు ఆలోచించండి. ఈ ప్రయాణాన్ని రచయిత ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న కాపరి కళ్ళతో చెప్పి ఉంటే ఏమయ్యేది? అతనికి అడవి తెలిసినదే కాబట్టి ప్రతి వివరమూ పాఠకుడి కోసం ప్రత్యేకంగా చేర్చిన వివరణలా కనిపించేది. ఏమీ తెలియని యువకుడి వెంట నడిపించడం వల్ల నీటిచెలమ ఎక్కడ ఉంటుందో, పులి జాడను ఎలా పసిగట్టాలో, చీకటి పడ్డాక మందను ఎలా కాచుకోవాలో అతనితోపాటే మనమూ నేర్చుకుంటాం, అతని భయం మన భయమవుతుంది. "అడవి తెలియనివాడి చూపును ఎంచుకోవడం వల్లనే అడవి మనకు ఇంత దగ్గరగా కనిపించింది" అని రాస్తే అది అభిప్రాయం. దాన్ని చదివినవారు ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, రెండింటికీ అవకాశం ఇవ్వడమే దాని బలం.

మెచ్చుకోలుకు వర్తించిన పద్ధతే విమర్శకూ వర్తిస్తుంది. అదే నవల గురించి "కాస్త సాగదీసినట్టు ఉంది" అని రాసి వదిలేయకుండా, మీకు ఆ అసంతృప్తి ఎందుకు కలిగిందో ఒక ప్రశ్న రూపంలో పెట్టుకోండి. చదువుకున్న యువకుడు ధైర్యం నేర్చుకునే కథగా నవల నడుస్తున్నప్పుడు, ఏటా అదే అడవికి వెళ్ళక తప్పని కాపరుల సమస్య వెనక్కి జరిగిందా? జరిగిందని మీకు అనిపిస్తే, ఏ అధ్యాయం దగ్గర నుంచి అలా అనిపించిందో చెప్పండి. నా మటుకు నాకు ఆ రెండు కథలూ మొదటి సగంలో సమానంగా నడిచి, తరువాత యువకుడి కథ వైపు తూకం మొగ్గినట్టు అనిపించింది. అయినా కాపరుల మాటల్లోని జ్ఞానానికి రచయిత ఇచ్చిన గౌరవం వల్ల ఆ లోటును నేను పెద్దదిగా ఎంచలేదు. ఇంకొక సంగతి. ఈ నవల 2021లో క్రిష్ దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. సినిమా చూసినవారు నవల గురించి రాసేటప్పుడు తెర మీది ముఖాలూ సన్నివేశాలూ తమ అభిప్రాయంలోకి రాకుండా చూసుకోవాలి. అనుమానం వచ్చిన ప్రతి చోటా పుస్తకం తెరిచి సరిచూసుకోవడం తప్ప దీనికి వేరే దారి లేదు.

కథాసారం విషయంలో మితం పాటించాలి. మనవాళ్ళు రాసే పుస్తక పరిచయాల్లో ముప్పాతిక భాగం కథ చెప్పడానికే పోతుంది, చివర రెండు వాక్యాల్లో అభిప్రాయం ఉంటుంది. ఈ నిష్పత్తి తిరగబడాలి. ఎవరి కథ, ఎక్కడ, ఏ కాలంలో, ఏ చిక్కుతో మొదలవుతుంది అన్నంతవరకు మూడు నాలుగు వాక్యాల్లో చెప్పి ఆపేయవచ్చు. ముగింపు గురించి మాట్లాడక తప్పకపోతే ముందుగా ఒక హెచ్చరిక పెట్టండి.

మాండలికం గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే గత మూడు నాలుగు దశాబ్దాల తెలుగు నవలకు అదే ప్రాణం, పాఠకుల అభిప్రాయాల్లో ఎక్కువ అన్యాయం జరిగేదీ అక్కడే. ఒక వైపు "యాస అర్థం కాలేదు, చదవడం కష్టమైంది" అని నవల మీద నేరం మోపేవారున్నారు. కోస్తా జిల్లాల భాషకు అలవాటుపడిన పాఠకుడికి అనంతపురం మాట, పాలమూరు మాట, శ్రీకాకుళం మాట కొత్తగా ఉండడం సహజం, అది పాఠకుడి అలవాటుకు సంబంధించిన సంగతే తప్ప నవలలోని లోపం కాదు. ఇరవై ముప్పై పేజీలు ఓపిక పడితే చెవి దానంతట అదే సర్దుకుంటుంది. మరొక వైపు, యాసలో రాస్తే చాలు, మట్టి వాసన ఉందంటూ పొగిడేవారున్నారు. ఈ రెండూ సరికావు. పరిశీలించవలసినది మాండలికం నవలలో ఏ పని చేస్తున్నదన్నది. కథకుడి భాష, పాత్రల భాష ఒకటేనా, వేరా? వేరైతే, కథకుడు శిష్టవ్యావహారికంలో, అంటే చదువుకున్నవారి వాడుక భాషలో, నిలబడి పాత్రలను దూరం నుంచి చూస్తున్నట్టు అనిపించిందా? ఒకటే అయితే, కథనానికి దానివల్ల వచ్చిన చనువు ఎటువంటిది?

దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. సంభాషణలు ఎక్కువగా ఉన్న ఒక పేజీ తీసుకుని, ఎవరు మాట్లాడుతున్నారో చెప్పే మాటలను వేలితో మూసి, సంభాషణ మాత్రమే చదవండి. ఊరి పెద్ద, కూలీ, పట్నంలో చదువుకుని వచ్చిన కూతురు, ముసలి నాయనమ్మ ఇంతమందీ ఒకే తీరుగా మాట్లాడుతుంటే రచయిత యాసను పట్టుకున్నారు గానీ మనుషులను పట్టుకోలేదన్నమాట. ఒకే ఊళ్ళో కూడా కులాన్ని బట్టి, వయసును బట్టి, చదువును బట్టి మాట మారుతుంది. బడికి వెళ్ళిన పిల్లవాడు "వచ్చాడు" అంటే వాళ్ళమ్మ "వచ్చిండు" అనో "వచ్చినాడు" అనో అంటుంది, ఆ పిల్లవాడే అమ్మతో మాట్లాడేటప్పుడు మళ్ళీ అమ్మ మాటలోకి వెళతాడు. ఇంత సూక్ష్మంగా రాసిన నవల ఎదురైతే ఆ పేజీని మీ అభిప్రాయంలో తప్పక ఉదాహరించండి. రెండు మూడు వాక్యాల ఉదాహరణ మన రెండు పేరాల పొగడ్త కంటే ఎక్కువ చెబుతుంది. ఉదాహరించేటప్పుడు అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాయాలి, యాసను మన భాషలోకి సరిదిద్దకూడదు.

చారిత్రక నవలల గురించి అభిప్రాయం రాసేటప్పుడు మరో రకమైన శ్రమ అవసరం. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన బండి నారాయణస్వామి "శప్తభూమి" పద్దెనిమిదవ శతాబ్దంలో హండే వంశపు పాలకుల ఏలుబడిలో ఉన్న అనంతపురం ప్రాంతంలో నడుస్తుంది. దాని మీద మాట్లాడాలంటే చరిత్ర పండితులం కానక్కరలేదు గానీ, కొన్ని మోటు గుర్తులైనా తెలిసి ఉండాలి. విజయనగర సామ్రాజ్యం పోయిన తరువాత ఆ నేల మీద పాలెగాళ్ళ (సొంత సేనలతో చిన్న ప్రాంతాలను ఏలిన స్థానిక నాయకుల) ప్రాబల్యం పెరగడం, 1800లో నిజాం ఆ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించడం, థామస్ మన్రో కలెక్టరుగా ఉన్న 1800 నుంచి 1807 వరకు పాలెగాళ్ళ వ్యవస్థను అణచివేయడం అన్న మూడు సంగతులు తెలిస్తే ఆ నవలలోని లోకం ఎంత దగ్గరలో కూలిపోనున్నదో అర్థమై, చదువుతున్న ప్రతి సంఘటనకూ అదనపు బరువు వస్తుంది. నవల చరిత్రకు ఎంత నిజాయితీగా ఉందో చూడడానికి తేదీలు సరిపోల్చడం కంటే, పాత్రల ఆలోచనలను గమనించడం మంచి మార్గం. ఆ కాలపు మనిషికి సాధ్యం కాని ఆలోచన, ఈనాటి సభలో వినిపించే వాదన పాత్ర నోటి నుంచి వస్తే ఆ పేజీని గుర్తుపెట్టుకోండి. "రాయలసీమ" అన్న పేరు 1928 నంద్యాల సభల తరువాత వాడుకలోకి వచ్చింది. కాబట్టి కథకుడు ఆ మాట వాడితే పేచీ లేదు గానీ పద్దెనిమిదవ శతాబ్దపు పాత్ర వాడితే ఉంటుంది. ఇంకొక ముఖ్యమైన ప్రశ్న, చరిత్రను ఎవరి వైపు నుంచి చెప్పారన్నది. "శప్తభూమి"లో నాకు విలువైనదిగా తోచినది ఇదే. రాజులూ యుద్ధాలూ ఉన్నప్పటికీ, ఆ రాజ్యభారాన్ని మోసిన అట్టడుగు జనం ఆచారాలూ ఆకలీ అవమానాలూ అంచుల్లో మిగిలిపోకుండా కథకు నడుమన నిలబడ్డాయి.

మనకు బొత్తిగా తెలియని రంగం గురించిన నవల చేతికి వచ్చినప్పుడు ఏం చేయాలన్నది చాలామందిని ఇబ్బందిపెట్టే ప్రశ్న. మధురాంతకం నరేంద్ర "మనోధర్మపరాగం" 2022లో అకాడమీ పురస్కారం పొందింది. దేవదాసీ కుటుంబాల స్త్రీల జీవితమూ కర్ణాటక సంగీతమూ అందులో పెనవేసుకుని ఉంటాయి. సంగీతం తెలియని పాఠకుడు దాని గురించి రాయకూడదా? నిస్సందేహంగా రాయవచ్చు, కాకపోతే తనకు ఆ పరిచయం లేదన్న సంగతి ఒక్క వాక్యంలో చెప్పి, తాను తీర్పు చెప్పగల అంశాలకు పరిమితం కావాలి. రాగాల వివరాలు సరైనవా కావా అన్నది అతను తేల్చలేకపోవచ్చు, కానీ ఆ వివరాలు పాత్ర మనస్థితిని చెబుతున్నాయా, పాండిత్య ప్రదర్శనగా మిగిలాయా అన్నది తప్పక తేల్చగలడు. కొంచెం తెలుసుకునే ఓపిక ఉంటే మరీ మంచిది. కర్ణాటక సంగీతంలో వాగ్గేయకారుడు ముందే కట్టి ఉంచిన కల్పిత సంగీతం ఒకటి, కచేరీలో గాయకులు అప్పటికప్పుడు సృష్టించే ఆలాపన, నెరవు, స్వరకల్పన వంటి మనోధర్మ సంగీతం మరొకటి. దేవదాసీలుగా అంకితం చేయడాన్ని మద్రాసు ప్రభుత్వం 1947లో చట్టం ద్వారా నిషేధించింది. ఈ రెండు సంగతులూ మనసులో ఉంచుకుని చదివితే, ముందే గీసిపెట్టిన బతుకులో ఒక స్త్రీ తన ఇష్టానికి ఎంత చోటు చేసుకోగలిగింది అన్న ప్రశ్న నవల పొడవునా వినిపిస్తుంది. నేను ఆ నవలను అలాగే చదివాను, అందులో నాకు మిగతా అన్నింటికన్నా బలంగా తగిలింది ఆ ప్రశ్నే.

పాత నవలలతో పోల్చడం మనకు అలవాటు. "ఆ రోజుల్లో వచ్చినట్టు ఇప్పుడు నవలలు రావడం లేదు" అన్న వాక్యం పోలిక కాదు, దాన్ని రాయకపోవడమే మంచిది. పోలిక ఉపయోగపడాలంటే రెండు నవలలూ ఒకే ప్రశ్నకు ఎలా జవాబు చెప్పాయో చూపించాలి. ఉదాహరణకు ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో వెలువరించిన "మాలపల్లి"నీ, జి. కల్యాణరావు 2000లో వెలువరించిన "అంటరాని వసంతం"నూ పక్కపక్కన పెట్టవచ్చు. రెండింటిలోనూ దళిత కుటుంబాల కథే ఉంది. మొదటిదాన్ని దళితేతరుడైన సంస్కర్త తన కాలపు జాతీయోద్యమ ఆదర్శంతో రాశారు. రెండవదానిలో రూతు అనే స్త్రీ తలపోతలుగా తరాల చరిత్ర కదులుతుంది, పాటలూ వీధినాటకాలూ ఆ జ్ఞాపకానికి ఆధారాలవుతాయి. ఎవరి జ్ఞాపకం కథను నడుపుతున్నది అన్న ఒక్క ప్రశ్న దగ్గర నిలబడి పోల్చితే, పాతదాన్ని తక్కువ చేయకుండానే కొత్తది ఏమి సాధించిందో చెప్పగలుగుతాం. దళిత నవల, స్త్రీవాద నవల, ప్రాంతీయ నవల అన్న పేర్లు వర్గీకరణకు పనికివస్తాయి, కానీ ఆ పేరు పెట్టడంతోనే అభిప్రాయం చెప్పినట్టు కాదు. మెచ్చుకునేవారూ మెచ్చనివారూ ఆ పేరు చాటున ఆగిపోవడం వల్ల ఎన్నో మంచి నవలల నిర్మాణం గురించి మాట్లాడేవారే లేకుండా పోయారు, ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి.

తెలుగు సాహిత్య లోకం చిన్నది, రచయితకూ పాఠకుడికీ పరిచయం ఉండడం తరచుగా జరిగేదే. రచయిత మీకు మిత్రులైతే ఆ మాట మొదటే చెప్పండి. రచయిత కులం, రాజకీయాలు, వ్యక్తిగత జీవితం మీద మీకున్న అభిప్రాయాన్ని నవల మీది అభిప్రాయంగా మార్చకండి. పాత్ర అన్న మాటను రచయిత మాటగా ఎంచడం కూడా ఇలాంటి అన్యాయమే. దుర్మార్గుడైన పాత్ర స్త్రీల గురించి నీచంగా మాట్లాడితే అది పాత్ర స్వభావం, కథనం ఆ మాటను ఎలా తూచింది అన్నదే మనం చూడవలసినది. అచ్చుతప్పుల నింద రచయిత మీద వేయకుండా ప్రచురణకర్తకు చెందేలా విడిగా చెప్పండి. అయితే చెప్పినదే మళ్ళీ చెప్పడం, ఒక అధ్యాయంలో చనిపోయిన పశువు మరో అధ్యాయంలో మేతకు వెళ్ళడం వంటివి అచ్చుతప్పులు కావు. మన ప్రచురణల్లో ఎడిటర్ చేయి పడని పుస్తకాలు చాలా ఉన్నాయి కాబట్టి, అటువంటివి కనిపిస్తే పేజీ సంఖ్యలతో మర్యాదగా ఎత్తిచూపడం రెండవ ముద్రణకు మేలు చేస్తుంది.

చిత్తుప్రతి రాశాక కొన్ని రోజులు ఆగి, నవల మొదటి అధ్యాయం మళ్ళీ చదివి, అప్పుడు మీ అభిప్రాయాన్ని సరిచూసుకోండి. ముగింపు తెలిసిన తరువాత మొదటి అధ్యాయం వేరుగా కనిపిస్తుంది. మొదట మామూలుగా తోచిన వాక్యంలో కథ మొత్తానికి బీజం ఉండవచ్చు, లేదా మొదట ఇచ్చిన మాటను రచయిత మధ్యలో వదిలేశారని తేలవచ్చు. సరిచూసేటప్పుడు ప్రతి విశేషణం దగ్గరా ఆగి, దానికి నవలలో ఆధారం ఎక్కడ ఉందని అడగండి. "అద్భుతమైన", "హృద్యమైన", "గుండెను పిండేసే" వంటివి ఈ ప్రశ్నకు నిలబడవు, తీసేస్తే వాక్యం బలపడుతుంది. అయిదుకు ఇన్ని నక్షత్రాలు అని మార్కులు వేయడం నాకు సమ్మతం కాదు. వేయక తప్పకపోతే ఆ అంకె కింద కనీసం ఒక పేరా కారణం రాయండి.

చివరగా, పుస్తకం వివరాలు పూర్తిగా ఇవ్వండి. నవల పేరు, రచయిత పేరు, ప్రచురణ సంస్థ, మీరు చదివినది ఎన్నవ ముద్రణ, ఏ సంవత్సరం, ఎన్ని పేజీలు, వెల ఎంత అన్నవి రెండు పంక్తుల్లో సరిపోతాయి. పేజీ సంఖ్యలు ముద్రణను బట్టి మారతాయి కాబట్టి మీరు చూపిన చోటును మరొకరు వెతుక్కోవాలంటే ముద్రణ వివరం తప్పనిసరి. పుస్తకం ఎక్కడ దొరికిందో కూడా రాయండి. జిల్లా కేంద్రాల్లో తెలుగు పుస్తకాల దుకాణాలు తగ్గిపోయాయి, చాలామంది పాఠకులు జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం కోసమో, హైదరాబాదులో ఏటా జరిగే పుస్తక ప్రదర్శన కోసమో ఎదురుచూసి ఒకేసారి కొనుక్కుంటారు. మీరు రాసిన పరిచయం చదివి ఆ నవల పేరును తమ జాబితాలో చేర్చుకున్నవారికి ఏ ప్రచురణ సంస్థ దుకాణంలో అడగాలో తెలియాలి, ప్రతులు అయిపోయి ఉంటే ఆ సంగతి కూడా ముందే తెలియాలి.